తెల్ల రాయి ఉన్న చోటు

మొన్న శుక్రవారం ఇక్కడ సౌదీలో, ధహ్రాన్‌లో మా పక్కింటివాళ్ళు భోజనానికి పిలిచారు. సెలవులకు ఆస్ట్రేలియా వెళ్ళొచ్చారు కాబట్టి భోజనంతో పాటు ఫొటోలు కూడా తప్పవని తెలిసే వెళ్ళాం. పప్పుచారు పోసుకునే వేళకు టీవీలో ఎడారి వచ్చింది. ఎడారి మధ్యలో ఒంటరిగా ఒక ఎర్ర కొండ. కొండంతా ఒకటే రాయిట. అక్కడి ఆదివాసులకు అది పవిత్రమైన చోటట. ఎక్కవద్దని, కొన్ని వైపుల నుంచి ఫొటోలు కూడా తీయవద్దని బోర్డులు పెట్టారట.

"తీయొద్దన్న వైపే బాగా వచ్చిందండీ" అని నవ్వుతూ పక్కింటావిడ ఇంకో ఫొటో వేసింది. వాళ్ళాయన లేచి వెళ్ళి షోకేసులోంచి నిమ్మకాయంత ఎర్ర రాయి తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు.

"గుర్తుగా జేబులో వేసుకొచ్చాను. రాయే కదా, ఎవరడుగుతారు?" అన్నాడు.

అందరూ దాన్ని చేతుల్లోకి తీసుకుని చూశారు. నా వంతు వచ్చేసరికి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి మజ్జిగ దాకా ఆగకుండా లేచి వచ్చేశాను. ఆయన మీద కోపంతో కాదు. పరాయివాళ్ళ రాయి ముట్టుకున్న మనిషిని తప్పుపట్టే మొహం నాకు లేదు. పదేళ్ళ వయసులో ఇదే సౌదీలో నేను చేసిన పని ఇన్నేళ్ళలో మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను.

అప్పుడు మేం బురైదా ఊరి బయట ఉండేవాళ్ళం. నాన్నగారు ఒక పెద్ద గోధుమ పొలంలో బోరు పంపుల ఇంజనీరు. పొలమంటే గట్లూ కాలువలూ కాదు, ఇసుకలో గుండ్రంగా పచ్చటి చాపలు పరిచినట్టు ఉండేది. ఆ చాపల చివర రెండు గదుల రేకుల ఇల్లు మాది. ఇంట్లో ఎప్పుడూ రెండే వాసనలు. ఒకటి కూలర్‌లో తడిసిన గడ్డి వాసన, రెండోది నాన్నగారి చొక్కాల డీజిల్ వాసన. ఖర్జూరాలు కోసే రోజుల్లో మాత్రం ఈ రెండూ ఓడిపోయి, ఊరంతా పాకం పట్టినట్టు ఉండేది. నేను ఖర్జూరాలు దొంగిలించి, గింజలు కూలర్ గొట్టంలో వేసేదాన్ని. కూలర్ ఎందుకు ఆగిపోతోందో తెలియక, అంత పెద్ద పంపులు బాగుచేసే నాన్నగారు దాని ముందు చతికిలబడి కూర్చునేవారు.

దేవుళ్ళు బీరువాలో ఉండేవారు. అమ్మ చీరల వెనక పటాలు పెట్టి, తలుపు తీసి దణ్ణం పెట్టుకుని మళ్ళీ మూసేసేది. మా దేవుళ్ళ దగ్గర కర్పూరం వాసన కాదు, కలరా ఉండల వాసన వచ్చేది. కుంకుమ పౌడరు డబ్బాలో, పసుపు కూరల మసాలాల మధ్య. ఎవరైనా అరబ్బులు ఇంటికి వస్తే నాన్నగారు ముందు బీరువా వైపు చూసి, తర్వాత తలుపు తీసేవారు. "ఇఖామా మీద మతం రాసే ఉంది కదండీ, తెలియనట్టు దాచడం ఎందుకు?" అని, మా నివాస పర్మిట్‌ను గుర్తుచేస్తూ, అమ్మ దెప్పేది.

పొలంలో వందమందికి పైగా మగవాళ్ళు పనిచేసేవారు. పిల్లనంటే నేనొక్కదాన్నే. ఆడుకోవడానికి తోడు లేదు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. నేను మామ అని పిలిచేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నాలు మా గదిలో కూర్చుని, వాళ్ళావిడ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ మా టేప్‌రికార్డర్‌లో పెట్టుకుని వినేవాడు. వాళ్ళావిడ మేకల గురించి, పొరుగువాళ్ళ తగాదాల గురించి చెబుతుంటే, "అగో, మల్ల అదే లొల్లి" అని టేప్‌రికార్డర్‌కే జవాబు చెప్పేవాడు.

ఆ ఏడు కార్తీకమాసంలో అమ్మకు వనభోజనాల మీద మనసు పుట్టింది.

"ఎడారిలో వనమెక్కడిదే?" అన్నారు నాన్నగారు.

"మీరు తీసుకెళ్ళండి, వనం సంగతి నేను చూసుకుంటాను. ఉసిరిచెట్టు లేకపోతే ఉసిరిపచ్చడి ఉందిగా, సీసా మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుందాం" అంది అమ్మ.

చోటు మామ చెప్పాడు. ఉత్తరం వైపు మూడు గంటల దూరంలో, తారురోడ్డు దిగి ఇసుకలో వెళితే ఒక పెద్ద బండ ఉంది, దాని మీద పాతకాలపు మనుషులు చెక్కిన బొమ్మలున్నాయన్నాడు. ఆ చుట్టుపక్కల గొర్రెలూ ఒంటెలూ మేపుకునే ఒక ముసలాయనకు మామ అప్పుడప్పుడు ట్యాంకర్‌లో నీళ్ళు పోసి వచ్చేవాడు. ఆయన్ని బాబా అనేవాడు.

"గా బండ అంటే ఈళ్ళకు పానం అక్కా. మొక్కుడు గిట్ల ఏం లేదు, మొక్కేది అల్లా ఒక్కనికే. గని దాని మీదికి ఎక్కరు. గా చుట్టూ కట్టె కొట్టరు, షికారు చెయ్యరు. తాతల కాలం నుంచి గట్లనే. మనం గూడ గట్లనే ఉండాలె" అన్నాడు. పొయ్యిలోకి కట్టెలు కూడా ఇక్కడి నుంచే, పొలంలో విరిగిపోయిన చెక్కపెట్టెలు పికప్‌లో వేసుకున్నాడు.

బండను చూడగానే అమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. నాలుగంతస్తుల ఎత్తు ఉంటుంది. ఎర్రగా, కింద గాలి తొలిచిన గుహలతో ఉంది. నీడ పడే వైపు చేతులు పైకెత్తిన మనుషుల బొమ్మలు, ఒంటెలు, పొడుగు కొమ్ముల మేకలు చెక్కి ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పేసింది. చుట్టూ ప్రదక్షిణ చేస్తానంది. పౌడరు డబ్బా తీసి, ఆ చేతులెత్తిన ఆడమనిషికి బొట్టయినా పెడతానంది.

"వద్దు. ఎవరైనా చూస్తే అందరినీ కలిపి విమానం ఎక్కిస్తారు. చేతులు జోడించుకో, చాలు" అన్నారు నాన్నగారు.

మేం అంత జాగ్రత్తగా ఉన్నాం. మామ చెప్పిన ప్రతి మాటా పాటించాం. బండను ముట్టుకోలేదు, పుల్ల విరవలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మేం పొగరుబోతులమని ఎవరూ అనుకోకూడదని. అనుకుంటే మాత్రం నేనేం చేయగలను?

"పొయ్యికి మూడు రాళ్ళు కావాలే. ఒకే ఎత్తున్నవి చూసి తే" అంది అమ్మ నాతో.

నేను బండ వెనక్కి వెళ్ళాను. అక్కడ గాలి తగలని చోట చదునైన గులకనేల. దాని మీద రాళ్ళు వరసల్లో నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ జానెడో, జానెడున్నరో. చాలావరకు ఎర్రవి, ఒకటి మాత్రం పాలరాయిలా తెల్లగా ఉంది. రాయికీ రాయికీ మధ్య నేను పడుకుంటే సరిపోయేంత ఖాళీ. నిజంగా పడుకుని చూశాను కూడా.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇక్కడ పిల్లలున్నారు, బొమ్మరిళ్ళు కట్టుకున్నారు అనుకున్నాను. కాసేపాగితే వస్తారేమో అని చుట్టూ చూశాను కూడా. తర్వాత తొక్కుడుబిళ్ళ ఆడాలనిపించింది. గళ్ళు గీయడానికి రాళ్ళు అడ్డొస్తున్నాయి. ఒక్కోటే పీకి పక్కన పోగుపెట్టాను. తొమ్మిది రాళ్ళు. చదునుగా కాలితో నేల సర్ది, మడమతో గళ్ళు గీసి, ఒంటికాలి మీద గెంతుతూ నాలుగాటలు ఆడాను. అమ్మ కేకేసింది. పోగులోంచి సమానంగా ఉన్న మూడు రాళ్ళు ఏరి ఒళ్ళో వేసుకుని పరిగెత్తాను. అందులో తెల్లది ఒకటి.

అమ్మ మూడు రాళ్ళనూ కడిగి పసుపు రాసింది. ఒక్కోదానికి మూడేసి బొట్లు పెట్టింది. కొత్తచోట పొయ్యి వెలిగించేటప్పుడు మా ఇంట్లో అది ఆనవాయితీ. ముందు పాలు పొంగించింది. పాలు పొంగి రాళ్ళ మీదుగా కారాయి. ఆ మాడిన పాల వాసన, బెల్లం వాసన, చెక్కపెట్టెల పొగ అన్నీ కలిసి అచ్చం మా ఊరి వనభోజనాల వాసనే వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. పచ్చడి సీసాకు కూడా ఒక బొట్టు పెట్టి, "ఇదే మన ఉసిరిచెట్టు" అంది.

పరమాన్నం ఉడికే వేళకు పొగ చూసి ముసలాయన వచ్చాడు. తుప్పుపట్టిన పికప్, వెనక రెండు మేకలు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గోరింటాకు పెట్టిన గడ్డం. మామ ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాడు. మేం కట్టెలు తెచ్చుకున్నామని, బండ జోలికి పోలేదని తెలిసి ముసలాయన చాలా సంతోషించాడు. నాన్నగారి భుజం తట్టాడు. మాతో కూర్చున్నాడు. అమ్మ పెట్టిన పరమాన్నం మూడు వేళ్ళతో తీసుకుని తిని, "జేన్, జేన్" అన్నాడు. బాగుందట. నావైపు చూసి ఏదో అన్నాడు.

"నీ అంత బిడ్డ ఉండెనట బాబాకు" అని మామ చెప్పాడు.

ఇంకొంచెం పెడదామని అమ్మ పొయ్యి మీది గిన్నె దింపింది.

ముసలాయన నవ్వుతూనే పొయ్యి వైపు చూశాడు. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. లేచాడు. నిప్పుల్లోంచి తెల్ల రాయిని ఒట్టి చేత్తో తీశాడు. మామ "బాబా, బాబా" అని అరిచాడు. చెయ్యి కాలుతున్నా ఆయన రాయి వదల్లేదు. దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. తెల్లటి చొక్కా మీద పసుపూ మసీ అంటుకున్నాయి.

"హాదా మిన్ వేన్?" అన్నాడు. ఇది ఎక్కడిదని.

ఎవరూ జవాబు చెప్పకముందే బండ వెనక్కి పరిగెత్తాడు. మేమూ వెళ్ళాం. అక్కడ నా గళ్ళు, నా మడమ గుర్తులు, పక్కన రాళ్ళ పోగు. ముసలాయన ఆ గళ్ళ అంచున కూలబడిపోయాడు. అరవలేదు. మామతో నెమ్మదిగా ఏదో చెబుతూ పోయాడు. వింటూ వింటూ మామ మొహం నల్లబడింది.

"సార్, గివి బొందలు సార్. పిల్లల బొందలు. ఒక యేడు తట్టు లేసి ఈళ్ళ పిల్లలు మస్తుమంది పోయిన్రట. బాబా బిడ్డ గూడ అండ్లనే. గప్పుడు బాబా లారీ మీద దమ్మాం దిక్కు పోయిండట. అచ్చేటాల్లకు ఆయన అన్న మట్టి జేసిండు. ఎర్క ఉండాలె అని గా తెల్ల రాయి పెట్టిండు. గా అన్న గూడ ఇప్పుడు లేడు. ఈళ్ళల్ల బొంద మీద పేరు రాయరు సార్. రాయే గుర్తు."

అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. "పసుపు రాసి నిప్పు పెట్టానే... దాని మీద వండి ఆయన చేతే తినిపించానే..." అంటూ నెత్తి కొట్టుకుంది. నాన్నగారు నా మీదికి చెయ్యెత్తారు. ముసలాయన "లా, లా" అంటూ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలిన చేత్తోనే.

నాకు ఏడుపు రాలేదు. కాళ్ళ కింద నేల మాత్రమే కనబడుతోంది. నేను ఏ పిల్ల మీద గెంతాను? ఏ పిల్ల పక్కన పడుకున్నాను?

ముసలాయన నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెల్ల రాయి చూపిస్తూ అడిగాడు. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది.

"బిడ్డా, గీ రాయి యాడ ఉండె? భయపడకు. సక్కగ యాది జేస్కొని చెప్పు. నీకొక్కదానికే ఎర్క" అన్నాడు మామ.

నేను గళ్ళ వైపు చూశాను. నేలంతా నేనే చదును చేశాను. ఏ రాయి ఎక్కడ పీకానో ఒక్కటీ గుర్తులేదు. తెల్ల రాయి మొదటి వరసలో ఉందో, చివర్లో ఉందో కూడా తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు నాన్నగారు నా వెనక నిలబడి, ముసలాయన వైపు వినయంగా తల వంచి, తెలుగులో అన్నారు. "తెలీదని మాత్రం అనకు. ఎక్కడో ఒకచోట చూపించు. ఈయన పోలీసుల దగ్గరికి వెళితే మనం ఏమవుతామో తెలుసా?"

ముసలాయనకు తెలుగు రాదు. మామకు వచ్చు. మామ తల దించుకున్నాడు.

నేను వేలు పెట్టి చూపించాను. బండకు దగ్గరగా, ఒక గడి మూల. ఎందుకక్కడ చూపించానో ఇప్పటికీ తెలియదు. ముసలాయన "అక్కడేనా?" అన్నట్టు చూశాడు. తల ఊపాను. ఆ తర్వాత మిగతా ఎనిమిదింటికీ కూడా అలాగే చూపించాను. మొదటి అబద్ధమే కష్టమైంది. తర్వాతవి కాలేదు.

అమ్మ తాగేనీళ్ళు పోసి మూడు రాళ్ళనూ కొంగుతో తోమింది. ఎర్రవాటికి పోయింది కానీ, తెల్లదానికి సందుల్లో పసుపు మిగిలిపోయింది. ముసలాయన చాలు అన్నట్టు చెయ్యి చాపాడు. రాయిని నేను చూపించిన చోట పాతి, చుట్టూ గులకను అరచేత్తో సర్దాడు. లేచి నిలబడి సలాం చెప్పాడు. పెదాలు కదుపుతూ చాలాసేపు ఉన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఏమంటున్నాడు?" అన్నారు నాన్నగారు.

"దేవుడు సల్లగ చూడాలె, పిల్లకు మంచి యాది ఉన్నది అంటుండు సార్" అన్నాడు మామ, నాన్నగారి వైపు చూడకుండా.

ముసలాయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆ ఊహ ఆయనకు అసలు వచ్చినట్టే లేదు. తిరిగి వచ్చేటప్పుడు పికప్‌లో మామ ఒక్కటే అడిగాడు. "నిజంగ ఎర్కేనా బిడ్డా?" "తెలుసు" అన్నారు నాన్నగారు నా బదులు. ఆ తర్వాత మామ మా గదికి క్యాసెట్లు వినడానికి రావడం మానేశాడు. ఆయన లేని శుక్రవారాలు నాకు ఎంత బాధగా ఉండేవో చెప్పలేను. అమ్మ ఆ గిన్నెను పారేసింది. మా ఇంట్లో మళ్ళీ వనభోజనాల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే, చిన్నపిల్లని, భయపడ్డాను అని నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేదాన్ని.

మరుసటి చలికాలం ముందు అటువైపు పెద్దవాన పడింది. ఎండు వాగు పొంగి, బండ వెనక రాళ్ళన్నిటినీ దొర్లించుకుపోయింది. ముసలాయన మామతో కబురు పంపాడు. యాది ఉన్న పిల్లను ఒక్కసారి తీసుకురమ్మని.

అమ్మ రానంది. నాన్నగారు, మామ, నేను వెళ్ళాం. ముసలాయన కళ్ళకు పొర కమ్మింది. మామ భుజం పట్టుకుని నడుస్తున్నాడు. రాళ్ళన్నీ ముందే వెతికించి వరసగా పెట్టించుకున్నాడు. నేల బురద ఎండి పలకలు పలకలుగా పగిలి ఉంది. నా గళ్ళు లేవు, ఏ గుర్తూ లేదు.

ఈసారి నాన్నగారు నాకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను తెల్ల రాయి తీసుకుని తిన్నగా వెళ్ళి నిలబడ్డాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నిరుడు నేను వేలు పెట్టి చూపించిన చోటు నాకు అంగుళం తేడా లేకుండా గుర్తుంది. ఆ ఏడాదంతా నేను మరచిపోలేనిది అదొక్కటే.

ముసలాయన మొహం వెలిగిపోయింది. మామతో ఏదో అన్నాడు.

"బాబా అంటుండు... నా కండ్లు పోయినా ఇగ ఫికర్ లేదు. నేను పోయినంక గూడ గీ పిల్లకు ఎర్కే ఉంటది అంటుండు."

ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఆ రాయి మీద పెట్టాడు. తన కూతురి పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. సలాం చెప్పమన్నాడు. చెప్పాను. తనూ చెప్పాడు. మిగతా ఎనిమిది రాళ్ళ వైపు తిరగను కూడా తిరగలేదు. తన బిడ్డ ఎక్కడుందో ఆయనకు తెలుసు కదా.

అదే ఆయన్ని చివరిసారి చూడడం. నాలుగేళ్ళ తర్వాత నాన్నగారు ఎగ్జిట్ పెట్టించుకుని దేశం వచ్చేశారు. బతికి ఉన్నంత కాలం ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. నేనూ ఇక్కడే కాపురం చేస్తున్నాను. కానీ ఒక్క విషయం మాత్రం ఈ వయసులో కూడా నన్ను వదలదు. ఆ రోజు నేను తెలియదని చెప్పి ఉంటే ముసలాయన ఏం చేసేవాడు? ఏడ్చేవాడు. ఏడ్చి, ఆ తొమ్మిది మంది పిల్లల దగ్గరా ఆగి తొమ్మిది సలాములు చెప్పేవాడు. అందులో ఒకటి ఆ పిల్లకు అందేది.